ఆఫీసులో చెల్లని సలహాలు

ఊళ్ళో పాత మున్సిపల్ షాపింగ్ కాంప్లెక్సు ఉంటే, దాన్ని పడగొట్టి కొత్తది కట్టాలన్న మాట ఏదో ఒక వానాకాలం తర్వాత తప్పకుండా వస్తుంది. వరండా శ్లాబు పెచ్చు ఊడి ఎవరి భుజం మీదో పడుతుంది. మర్నాడు పేపరు జిల్లా పేజీలో తుప్పు పట్టిన ఊచల ఫొటో వస్తుంది. ఆ నెల కౌన్సిల్ ఎజెండాలో అంశం చేరుతుంది. ఇంకో మూడు నెలలకు డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) చేతికొస్తుంది: సెల్లార్ పార్కింగు, పైన రెండంతస్తులు, ముందు వైపంతా అద్దాలు, ఒక లిఫ్టు. ఆ బొమ్మలో టీ బండి ఎక్కడా కనిపించదు.

నేను 31 ఏళ్ళు మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగంలో పనిచేశాను. ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) చేరి డీఈగా (డిప్యూటీ ఇంజనీరుగా) రిటైరయ్యాను. ఇలాంటి కాంప్లెక్సుల అంచనాలు చాలా వేశాను. గోదావరి జిల్లాల్లో ఒక పట్టణంలో కట్టింది మాత్రం మొదటి గీత నుంచి ఆఖరి ఎంబుక్ (కొలతల పుస్తకం) దాకా నా చేతి మీదుగానే జరిగింది. కింద 20 గదులు, పైన 20 గదులు. కింది వరస బాగానే నడుస్తోంది. పైన ఏ రోజు వెళ్ళి చూసినా నాలుగైదు షట్టర్లకు మించి తెరిచి లేవు. పాత భవనం వరండాలో, మెట్ల పక్కన, కుట్టుమిషను పెట్టుకుని ఒక దర్జీ కూర్చునేవాడు. కొత్త ప్లాన్‌లో ఆయనకు చోటు లేదు. ఆ ప్లాన్ గీసింది నేనే. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేవి ఆఫీసులో చెబితే తప్పుడు సలహాలంటారు. కొన్నిటికి ఆడిట్ అభ్యంతరం వస్తుంది, కొన్నిటికి పై నుంచి మెమో వస్తుంది. అది తెలిసే చెబుతున్నాను. కొత్తగా వచ్చిన కమిషనర్లు, ఏఈలు, మొదటిసారి గెలిచిన కౌన్సిలర్లు చదివితే చాలు.

కాంప్లెక్సు కన్నా ముందు మరుగుదొడ్డి కట్టండి

డీపీఆర్ అనే మాట ఎత్తకముందే, పాత భవనం అలాగే ఉండగానే, ఆ ఆవరణలో ఆడవాళ్ళకు నాలుగు, మగవాళ్ళకు నాలుగు మరుగుదొడ్లు కట్టండి. నీళ్ళ కనెక్షను ఇవ్వండి, తలుపులకు లోపలి గడియలు పెట్టించండి, రెండు పూటలా కడిగే మనిషిని పెట్టి ఆ మనిషికి నెలనెలా జీతం అందేలా చూడండి. రేపు పడగొట్టే చోట ఇవాళ కట్టడం వృథా ఖర్చని అకౌంట్సు నుంచి నోటు వస్తుంది. రానివ్వండి.

బట్టల కొట్లో పనిచేసే అమ్మాయి పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చి రాత్రి తొమ్మిదికి ఇంటికి వెళ్తుంది. మధ్యలో నీళ్ళు తాగదు, తాగితే వెళ్ళే చోటు లేదు కాబట్టి. పూలమ్మే ముసలావిడ అయినా, కూరగాయల గంప దగ్గర కూర్చునే కోడలైనా అంతే. కేరళలోని కోళికోడ్‌లో మిఠాయి తెరువు అనే వీధి కొట్లలో పనిచేసే ఆడవాళ్ళు పెణ్‌కూట్టు అని సంఘం కట్టి మొదట అడిగింది మరుగుదొడ్డే. ఆ తర్వాతే పనివేళల్లో కూర్చునే హక్కు అడిగారు. 2018లో కేరళ, 2021లో తమిళనాడు తమ దుకాణాల చట్టాలను మార్చి ఆ హక్కు ఇచ్చాయి. మన కాంప్లెక్సుల్లో ఇంకా మొదటి మెట్టు దగ్గరే ఉన్నాం.

ముందే కట్టమనడానికి ఇంకో కారణం ఉంది. డీపీఆర్‌లో కలిపితే మరుగుదొడ్డి భవనం వెనక మూలకో, సెల్లార్‌లోకో పోతుంది, ప్రారంభోత్సవం అయిన నెలకు దానికి తాళం పడుతుంది. విడిగా, వెలుతురులో, నలుగురూ నడిచే దారి పక్కన కట్టినది తెరిచి ఉంటుంది. నిర్మాణం జరిగినన్నాళ్ళూ కొట్ల వాళ్ళకూ కూలీలకూ అదే ఆధారం.

ఆర్కిటెక్టును తర్వాత పిలవచ్చు, ముందు అరుగు మీద కూర్చోండి

మన పాత కాంప్లెక్సులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకుంటే మంచిది. 1979-80లో కేంద్రం చిన్న, మధ్య తరహా పట్టణాల అభివృద్ధి పథకం పెట్టింది. ఆఫీసులో అందరం ఐడీఎస్ఎంటీ అనేవాళ్ళం. అందులో అప్పు భాగం ఉండేది, అది తిరిగి కట్టాలి. కాబట్టి మున్సిపాలిటీలు ఆదాయం వచ్చే పనులు ఎంచుకునేవి. షాపు గదుల కన్నా తేలికైన ఆదాయం ఏముంది? రోడ్డు పక్కన ఖాళీగా ఉన్న మున్సిపల్ జాగాలో, హైస్కూలు ప్రహరీ వెంబడి, పాత బస్టాండు దగ్గర పదడుగుల వెడల్పు గదులు వరసగా కట్టారు. తెలంగాణలో వాటిని మడిగెలంటారు. ముందు ఆరడుగుల వరండా, చివర మెట్లు. 2005లో ఆ పథకం ఇంకో పథకంలో కలిసిపోయింది, గదులు మాత్రం మిగిలాయి. అప్పు తీర్చడానికి కట్టిన గదుల చుట్టూ ఊరు తన అవసరాలను అల్లుకుంది. ఆ అల్లిక ఏ డ్రాయింగులోనూ లేదు, కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

పొద్దున ఐదింటికి వెళ్ళండి. పాల ప్యాకెట్ల క్రేట్లు షట్టర్ల ముందు దిగుతాయి, పేపర్ కుర్రాళ్ళు వరండాలో కూర్చుని సప్లిమెంట్లు మడిచి పెట్టుకుంటారు. ఆరింటికి ఇడ్లీ పొయ్యి అంటుకుంటుంది. పది దాటాక తహసీల్దారు కార్యాలయానికి వచ్చిన రైతులు జిరాక్సు కొట్టు దగ్గర చేరతారు. కాగితాలు చదివిపెట్టేవాడు ఆ కొట్టు పక్కనే స్టూలు వేసుకుని ఉంటాడు. మధ్యాహ్నం ఎండకు వరండా నీడలో ఆటోవాళ్ళు కునుకు తీస్తారు. నాలుగున్నరకు స్కూలు పిల్లలు, ఆరింటికి పునుగుల బండి. పదింటికి ఆఖరి షట్టరు దిగుతుంది. ఆ తర్వాత ఆ అరుగు మీద ఇద్దరో ముగ్గురో పడుకుంటారు.

ఒక్క రోజు చాలదు. సంత రోజున ఒకసారి, మామూలు రోజున ఒకసారి, వాన పడే రోజున ఒకసారి వెళ్ళండి. వాన రోజున వరండాలో ఎంతమంది నిలబడ్డారో లెక్కపెట్టండి. ఆ సంఖ్యే మీ వరండా వెడల్పు చెబుతుంది. నా అనుభవంలో ఆరడుగులు చాలవు, తొమ్మిది కావాలి. గదిలోంచి మూడడుగులు తగ్గించి వరండాకు ఇమ్మంటే అద్దె వచ్చే చదరపు అడుగు పోతుందని రెవెన్యూ సెక్షను గగ్గోలు పెడుతుంది. అయినా ఇవ్వండి. గిరాకీ వచ్చేది వరండాలోకి, అక్కడ నిలబడినవాడే లోపలికి అడుగుపెడతాడు.

పెచ్చు ఊడిందని భవనాన్ని పడగొట్టకండి

నేను ఇంజనీరుని, భద్రత విషయంలో మొహమాటపడను. స్తంభాలు చీలినా, దూలాలు వంగినా, పునాది కుంగినా దించేయాల్సిందే, ఆ రోజే ఖాళీ చేయించాలి. కానీ పెచ్చు ఊడిన ప్రతి శ్లాబూ ఆ జాబితాలోది కాదు.

లోపల జరిగేది ఇది. కాంక్రీటులో క్షార గుణం ఉన్నంతకాలం మామూలుగా ఊచకు తుప్పు పట్టదు. ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడు పై పొరలోంచి లోపలికి దిగుతూ ఆ గుణాన్ని తగ్గిస్తుంది. అది ఊచ దాకా చేరితే, పైనుంచి తేమ కూడా తోడైతే, తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి కింది పొర పగిలి ఊడుతుంది. పాత కాంప్లెక్సుల్లో ఇది త్వరగా ఎందుకొచ్చిందంటే, 1978 నాటి ప్రమాణాల్లో శ్లాబుకు 15 మిల్లీమీటర్ల కవరు సరిపోయేది. పనిలో అదీ సరిగా ఉంచలేదు. పైన నీళ్ళ ట్యాంకు కారేది, డాబా మీద వాలు లేక నీళ్ళు నిలిచేవి, పిట్టగోడలో రావిమొక్క మొలిచేది. ఆ మొక్కను పీకడానికి నెలకు ఒక గంట కేటాయించి ఉంటే చాలా భవనాలు ఇంకో ఇరవై ఏళ్ళు నిలిచేవి.

పరీక్షలు చేయించండి. రీబౌండ్ హామరు, అల్ట్రాసోనిక్ పరీక్ష, కోర్ కటింగు, మూడూ చేయించండి. ఒక పరీక్ష మీ కళ్ళ ముందే చేయమనండి: తాజాగా పగలగొట్టిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే క్షార గుణం మిగిలిన చోట గులాబీ రంగు వస్తుంది, పోయిన చోట రంగు రాదు. ఊచ చుట్టూ గులాబీ రంగు కనిపిస్తే ఆ శ్లాబును మామూలుగా బాగుచేసుకోవచ్చు. ఈ పరీక్ష కౌన్సిలర్లను పిలిచి చూపించండి. నివేదికలోని అంకెలు చదవనివాళ్ళకు కూడా ఆ రంగు అర్థమవుతుంది.

హైదరాబాదు మొజంజాహీ మార్కెట్టును తలుచుకోండి. 1935లో ఏడో నిజాం హయాంలో గ్రానైటు రాయితో కట్టి, ఆయన రెండో కొడుకు పేరు పెట్టారు. పళ్ళ మార్కెట్టు 1980ల్లో కొత్తపేటకు తరలిపోయింది. మిగిలిన భవనం మీద రేకులు, బోర్డులు, తీగలు, పూసిన రంగులు ఏళ్ళ తరబడి పేరుకున్నాయి. 2018లో మరమ్మతులు చేపట్టి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. ఐస్‌క్రీము కొట్లు అక్కడే ఉన్నాయి. మన ఊరి కాంప్లెక్సు గ్రానైటుది కాదు, దాన్ని ఎవరూ వారసత్వ కట్టడం అనరు. కానీ అక్కడ జరిగిన పనిలో పెద్ద భాగం, పైన వేలాడేవాటిని తీసేయడం, తీగలన్నీ ఒక దారిన పంపడం, బోర్డులన్నీ ఒక వరసలోకి తేవడం, ఏ ఊళ్ళో అయినా చేయగలిగిందే. కొత్త భవనం అంచనాతో పోలిస్తే దానికయ్యేది చాలా తక్కువ.

పై అంతస్తు కట్టకండి

స్థలం విలువైనది, పైకి కట్టకపోతే ఆదాయం పోయినట్టే అంటారు. ఈ మాట నేనూ అన్నాను, ఫైల్లో రాశాను కూడా. అప్పుడు కింద టీ కొట్టు నడిపే ఆయన నాతో అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "ఇంజినీరు గారూ, ఉప్పు కొనడానికి ఎవరైనా మేడ ఎక్కుతారాండీ?"

పన్నెండడుగుల ఎత్తుకు ఆరంగుళాల మెట్టు చొప్పున 24 మెట్లు. చేతిలో సంచి, చంకలో పిల్లాడు ఉన్న మనిషి అన్ని మెట్లెక్కి పాలూ మాత్రలూ కొనదు. లిఫ్టు పెడతామంటారు. మున్సిపల్ కాంప్లెక్సులో లిఫ్టుకు ఏటా నిర్వహణ ఒప్పందం కావాలి, జనరేటరు కావాలి, ఆపరేటరు కావాలి. మొదటి ఏడాది తర్వాత ఆ పద్దుకు బడ్జెట్టు దొరకదు. ఆగిపోయిన లిఫ్టు ముందు అట్టపెట్టెలు పేరుస్తారు.

పునాది మాత్రం రెండంతస్తులకు సరిపడా వేయండి. పదేళ్ళ తర్వాత ఊరు అడిగితే కట్టుకుంటుంది. ఇప్పుడే కట్టి తీరాలని ఎవరైనా పట్టుబడితే, పైన షట్టర్లు వద్దు, ఒక పెద్ద హాలు కట్టి గ్రంథాలయానికి ఇవ్వండి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మనమే వసూలు చేస్తున్నాం. గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదివే పిల్లలు పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చునే చోటు కోసం ఊరంతా వెతుకుతున్నారు. వాళ్ళు 24 మెట్లు పరుగున ఎక్కుతారు. దిగినప్పుడు టీ తాగుతారు, పెన్నులు కొంటారు, జిరాక్సులు తీయించుకుంటారు. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లల కోసం కింద ఒక గది విడిగా ఉంచి, అక్కడికే పుస్తకాలు తెచ్చి ఇచ్చే ఏర్పాటు మొదటి రోజు నుంచీ ఉండాలి. లిఫ్టు బాగవుతుందని వాళ్ళను ఎదురు చూడనివ్వకండి.

ఎక్కువ పాడినవాడికి ఇవ్వకండి

ఈ సలహాకే నాకు ఎక్కువ తిట్లు పడతాయని తెలుసు. ప్రభుత్వ ఆస్తిని బహిరంగ వేలంలో ఎక్కువ పాడినవాడికి ఇవ్వడం న్యాయం, పారదర్శకం. ఆ నియమం ఎందుకొచ్చిందో నాకు తెలుసు, బావమరుదులకు గదులు కట్టబెట్టిన రోజులూ చూశాను. అయినా అన్ని గదులకూ ఒకే వేలం అంటే ఊరికి నష్టం.

వేలంలో జరిగేది ఇది. గుడ్‌విల్ కింద ముందు కట్టే సొమ్ము భారీగా పెరుగుతుంది, ఎందుకంటే ఆ డబ్బుతోనే భవనం కట్టాలని మనం అనుకుంటాం. అంత డబ్బు పెట్టగలిగేది బ్రాందీ షాపు, నగల తాకట్టు, సెల్‌ఫోన్ల షోరూము, లేదా గది చేతిలో పెట్టుకుని అద్దెకు తిప్పుకునేవాడు. చెప్పులు కుట్టే ఆయన, పిండి మర, మందుల కొట్టు, గాజుల కొట్టు, స్టేషనరీ వేలం గది దాకా రావు.

ఒక లెక్క వేసి చూడండి. పది గదులు, ఒక్కోటి నెలకు 15,000 పలికిందనుకుందాం. డిమాండు, వసూలు, బాకీ రాసే డీసీబీ రిజిస్టరులో డిమాండు 1,50,000. ఏడాది తిరిగేసరికి నాలుగు ఖాళీ అయి, మూడు బకాయి పడితే చేతికొచ్చేది మూడు గదుల అద్దె, 45,000. బకాయి పడ్డవాళ్ళు కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకుంటారు. అదే 8,000 చొప్పున పదిమందీ సక్రమంగా కడితే 80,000. అద్దె పెరగదా అంటే పెరుగుతుంది. ఆంధ్రలో మూడేళ్ళకోసారి 33⅓ శాతం పెంచి లీజు పొడిగించే పద్ధతి ఉండనే ఉంది. 8,000 అద్దె మూడేళ్ళకు 10,667 అవుతుంది. బతికి ఉన్న కొట్టు ఆ పెరుగుదలను భరిస్తుంది, మూసుకున్న కొట్టు దేన్నీ భరించదు.

నేను చెప్పేది గదులను రెండు భాగాలు చేయమని. రోడ్డు వైపు ఉన్న సగం గదులు వేలంలో పెట్టండి, ఎంత పాడితే అంత తీసుకోండి. మిగిలిన సగం ఆ పేటకు రోజూ కావలసిన వ్యాపారాలకు, స్థిరమైన అద్దెకు, లాటరీ తీసి ఇవ్వండి. ఏ వ్యాపారాలన్నది ముందే రాసి నోటీసు బోర్డులో పెట్టండి. దళిత, గిరిజన, వికలాంగుల కోటా గదులు ఆ సగంలోనే, మంచి చోట ఉండాలి. వెనక వరసలో కొళాయి పక్క గది వాళ్ళకు చూపించడం నేను చాలాసార్లు చూశాను, మాట్లాడకుండా సంతకం పెట్టాను కూడా. దీనికి ప్రభుత్వ అనుమతి కావాలి. కౌన్సిల్ తీర్మానం చేసి పంపండి, తిరిగొస్తే మళ్ళీ పంపండి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. బినామీలను తరమకండి. పాత కాంప్లెక్సులో సగం గదుల్లో రిజిస్టరులో ఉన్న పేరు ఒకరిది, కౌంటరు వెనక కూర్చున్న మనిషి ఇంకొకరు. అసలు లీజుదారు మున్సిపాలిటీకి 3,000 కట్టి, నడిపేవాడి దగ్గర 12,000 తీసుకుంటాడు. తిరిగి కట్టేటప్పుడు ఆఫీసు చేసే పని సబ్ లీజు నేరమని నోటీసిచ్చి గది స్వాధీనం చేసుకోవడం. అప్పుడు రోడ్డున పడేది నడిపేవాడు. పేరుగలవాడికి కోర్టు ఖర్చులు పెట్టుకునే స్తోమత ఉంటుంది. కొట్టు కొట్టుకూ తిరిగి కరెంటు బిల్లు, ట్రేడ్ లైసెన్సు, సరుకు కొన్న బిల్లులు చూసి, ఐదేళ్ళుగా ఆ గదిలో వ్యాపారం చేస్తున్న మనిషి పేరునే లీజు రాయండి. అద్దె 8,000 చేయండి. అతనికి 4,000 మిగులుతుంది, మున్సిపాలిటీకి 5,000 పెరుగుతుంది. తప్పుకునేవాడు మధ్యవాడొక్కడే. అక్రమాన్ని సక్రమం చేశారని పేపర్లో రాస్తారు. రాసినా ఫరవాలేదు.

బండ్లను లోపలికి పిలవండి

కొత్త కాంప్లెక్సు కట్టగానే మొదట వేసే బోర్డు "ఇచ్చట బండ్లు నిలుపరాదు". గదుల్లో ఉన్నవాళ్ళు అద్దె కడుతున్నారు, బండివాళ్ళు కట్టట్లేదు కదా అంటారు. కడుతున్నారు. చాలా ఊళ్ళలో రోజువారీ ఆశీలు చీటీ చింపుతున్నది వాళ్ళ దగ్గరే. తెలంగాణలో దాన్నే తైబజారు అంటారు. నెల మొత్తం కలిపి, అడుగుకు ఎంత పడుతుందో లెక్కేయండి. కొన్ని చోట్ల గదివాళ్ళ కన్నా బండివాళ్ళే ఎక్కువ కడుతున్నారని తేలుతుంది.

2014 వీధి వ్యాపారుల చట్టం జనం ఏళ్ళుగా కొంటూ అమ్ముతూ ఉన్న చోటును సహజ మార్కెట్టుగా గుర్తించింది. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ తొలగించరాదని, టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని చెప్పింది. ఆ కమిటీని ప్లాన్ గీయకముందే కూర్చోబెట్టండి. ఆరడుగులకు నాలుగడుగులు, ఒక బండి చోటు. కాంప్లెక్సు ముందు భాగంలో, మంచి గదులు వచ్చే చోటే, వాటికి నేల గీతలు గీయించి, ప్రతి రెండు బండ్లకు ఒక కొళాయి, ఒక దీపం, ఒక కాలువ జాలీ పెట్టించండి. కొట్లవాళ్ళు మొదట గొడవ చేస్తారు. ఆరు నెలలు ఆగి వాళ్ళనే అడగండి. సాయంత్రం మనుషులను లోపలికి లాగేది పునుగుల వాసన, మల్లెపూల తడిబుట్ట. చల్లటి గదిలో, తక్కువ ధరకు, అన్నీ ఒకేచోట అమ్మే డీమార్టుతో మన పది గదులు వాళ్ళ పద్ధతిలో పోటీ పడలేవు. వాళ్ళ దగ్గర లేనిది ఈ వాకిలే.

తాత్కాలిక షెడ్లకు ధారాళంగా ఖర్చు పెట్టండి

అంచనాలో తాత్కాలిక వసతి అని ఒక చిన్న పద్దు ఉంటుంది. ఆ వసతి చూపించేది ఊరి చివర, రేకుల కింద, ఎవరూ మూడు వందల గజాలు నడిచిరాని చోట. మద్రాసు రైల్వే స్టేషను పక్కనుండే మూర్ మార్కెట్టు కథ మన తాతల తరం తెలుగువాళ్ళకు బాగా తెలుసు. 1898లో పునాది వేసి 1900లో తెరిచిన ఆ మార్కెట్టులో పాత పుస్తకాల కోసం తిరగని తెలుగు రచయిత, సినిమా మనిషి ఆ రోజుల్లో లేరేమో. 1985 మే 30న అది కాలిపోయింది. వ్యాపారులకు పక్కనే లిల్లీ పాండ్ దగ్గర కాంప్లెక్సు కట్టి ఇచ్చారు. దూరం చాలా తక్కువ. అయినా రైలు దిగి దారిలో ఆగి పుస్తకం తిరగేసే అలవాటు ఆ కొద్ది దూరం నడవలేదు. మూర్ మార్కెట్టు పేరు ఇవాళ సబర్బన్ రైల్వే స్టేషనుకు మిగిలింది.

కాబట్టి షెడ్లు అదే రోడ్డు మీద, అదే వైపు, పాత భవనం కనిపించే దూరంలో వేయండి. రోడ్డు సగం మూయాల్సి వస్తే మూయండి. పైన రేకు వేస్తే కింద థర్మోకోల్ అయినా వేయండి, లేదంటే మే నెలలో మందుల కొట్టులో మందులు పాడవుతాయి. ఒక్కో షెడ్డుకు విడిగా కరెంటు మీటరు, రాత్రికి ఒక కాపలా మనిషి. అద్దె వద్దు. ఒక్క రూపాయి కూడా వద్దు. నిర్మాణం 18 నెలలని రాసి మూడేళ్ళు పట్టినప్పుడు ఆ కొట్ల అప్పులే పెరుగుతాయి.

ఇక కొత్త భవనం సంగతి: పార్కింగు సెల్లారు తవ్వకండి. మన ఊళ్ళలో వాన పడిన రాత్రి అది చెరువవుతుంది, మోటారు పెట్టి తోడే మనిషి దొరకడు. ఈ కాంప్లెక్సుకు వచ్చేవాళ్ళు నడిచో, సైకిలు మీదో, స్కూటీ మీదో వస్తారు. వేపచెట్టు కొట్టకుండా దాని నీడలో స్కూటీలకు చోటు చూపించండి. పడమటి వైపు అద్దాలు బిగించకండి. మూడు గంటల ఎండకు లోపల కొట్టువాడు ఆ అద్దానికి పేపర్లు అంటిస్తాడు, నేను కట్టినచోట అదే జరిగింది.

ఆలస్యం చేయండి

మొత్తం ఒకేసారి పడగొట్టమని కాంట్రాక్టరు అడుగుతాడు, ఖర్చు తగ్గుతుందంటాడు. అతని వైపు నుంచి అది నిజమే. మీరు ఐదు గదులు చొప్పున చేయించండి. ఐదు గదుల వాళ్ళను షెడ్లకు మార్చి, ఆ ఐదూ బాగుచేసి, వాళ్ళను తిరిగి తెచ్చి, ఆ షెడ్లలోకి తర్వాతి ఐదుగురిని పంపండి. 20 గదులైతే నాలుగు విడతలు, రెండేళ్ళు. ధరలు పెరుగుతాయి, టెండరు విడగొట్టారని విజిలెన్సు అడుగుతుంది. ఒకే టెండరులో విడతల షెడ్యూలు రాస్తే ఆ ప్రశ్నకు జవాబు ఉంటుంది. మొదటి విడతలో కొళాయి ఎత్తు తప్పయితే రెండో విడతలో సరిచేసుకుంటారు. గదులన్నీ ఒకేసారి కట్టిన నేను కొళాయిలన్నీ ఒకే ఎత్తులో తప్పుగా పెట్టాను.

రిటైరయ్యాక ఒకసారి ఆ ఊరు వెళ్ళి దర్జీ గారి కోసం అడిగాను. కూతురి ఊరికి వెళ్ళిపోయాడన్నారు. పాత వరండా గచ్చులో ఆయన మిషను కాళ్ళు నాలుగు గుంటలు చేసి ఉండేవి, ఆ గచ్చును లేపించింది కూడా నేనే.

మీ ప్లాన్‌లో ఆ చోటు గీయండి. మిషను బల్లకు మూడడుగులు, పక్కన స్టూలు, కాలు చాపుకోవడానికి అడుగున్నర, బట్టలు తెచ్చినవాళ్ళు నిలబడటానికి రెండడుగులు. మొత్తం ఐదడుగులకు ఐదడుగులు. మెట్ల కింద చీకట్లో కాకుండా, వరండా తూర్పు చివర, ఎడమ చేతి వైపు నుంచి వెలుతురు పడేలా. ఒక ప్లగ్ పాయింటు, ఇస్త్రీపెట్టె తట్టుకునేది, 15 ఆంపియర్లది. దానికి గది నంబరు ఇవ్వండి, అద్దె రిజిస్టరులో ఒక వరస కేటాయించండి, అద్దె గడిలో ఎంత రాయాలో దర్జీనే పిలిచి అడగండి.